సుగుణమ్మ పెట్రోలు బండి

ట్రాక్టరులో పెట్రోలు తగ్గుతోందని సుగుణమ్మకు ఉగాది తర్వాత అనుమానం మొదలైంది.

అంతకుముందు ఆమె ఆ బండి జోలికి పోయేది కాదు. భర్త అనంతరెడ్డి బతికున్నన్నాళ్లు దాని మంచిచెడ్డలు ఆయనే చూసుకున్నాడు. మిలిటరీ ఫారం ఒకటి మూసేసినప్పుడు వేలంలో పాడి తెచ్చిన బండి అది. బూడిదరంగుది, పాతది. దానికి రెండు టాంకులు. చిన్నదానిలో పెట్రోలు, పెద్దదానిలో కిరసనాయిలు. పెట్రోలుతో స్టార్టు చేసి, ఇంజను వేడెక్కాక కుళాయి తిప్పితే ఆ తర్వాత కిరసనాయిలు మీద నడుస్తుంది. అంటే పెట్రోలు పొద్దున కాస్త, పగటన్నం తర్వాత మళ్లీ కాస్త పట్టాలి. అంతకంటే పట్టకూడదు.

కానీ పడుతోంది. డ్రైవరు స్వామిదాసు లంగర్‌హౌజ్ బంకు దాకా పోయి డబ్బా నింపుకొచ్చిన వారానికే, "అమ్మా, పెట్రోలు అయిపోవచ్చింది" అనేవాడు.

"అప్పుడేనా?"

"బండి తాగుతున్నదమ్మా. నేనేం జెయ్యాలె?"

అది అరవైతొమ్మిదో సంవత్సరం. పట్నంలో ప్రత్యేక తెలంగాణ కోసం కొట్లాట సాగుతోంది. ఇవాళ బంద్ అంటే రేపు కర్ఫ్యూ. బస్సులు నడిచిన రోజుల కంటే నడవని రోజులే ఎక్కువ. పెట్రోలు కోసం బంకు దగ్గర సీసా పట్టుకుని నిలబడితే, బండికా తగలబెట్టడానికా అన్నట్టు జనం ఎగాదిగా చూస్తున్న కాలం. అలాంటప్పుడు చేతికందిన పెట్రోలు ఎటు పోతోంది?

సుగుణమ్మ మరిది జనార్దన్ రెడ్డి ఆ మాటే పెద్దగా అన్నాడు. ఆయన ఇల్లు వీధికి అవతల. నిరుటే కొత్త డీజిలు ట్రాక్టరు తెచ్చుకున్నాడు. అది వచ్చినప్పటి నుంచి వదినగారి పాత బండి ఆయన కంట్లో నలుసు. అది అమ్మేస్తే ఆమె పొలం కూడా తన బండే దున్నుతుంది, రెండు సేద్యాలూ ఒక్క చేతి కిందికి వస్తాయని ఆయన లెక్క. ఆ లెక్క సుగుణమ్మకు తెలుసు. అందుకే ఆయన మాట సగం వినేది, సగం వదిలేసేది.

"వదినా, నీ బండే దొంగలకు ముద్దు," అన్నాడు ఒకరోజు ఆమె వాకిట్లో మంచం మీద కూచుని. "నా డీజిలు ఎవడెత్తుకపోతడు? చేతికంటితే జిడ్డు పోదు, బట్టకంటితే వాసన పోదు. పెట్రోలు గట్ల గాదు. తీసినోడు చెయ్యి దులుపుకుంటే అయిపాయె."

"ఎవరు తీస్తరు జనార్దన్? కొట్టానికి తాళమున్నది."

"తాళం చెవి ఎవరి దగ్గరున్నది?"

తాళంచెవి స్వామిదాసు మొలతాడుకు ఉంటుంది. అనంతరెడ్డి కట్టించిన అలవాటు అది.

ఆ మాట పురుగులా లోపలికి పోయింది. స్వామిదాసు అంగీ జేబుకు "జై తెలంగాణ" అని రాసిన కాగితం బిళ్ల ఉండడం ఆమె అప్పుడు గమనించింది. ఊళ్లో సగం మంది జేబులకు ఉంది, జనార్దన్ జేబుకు కూడా ఉంది. కానీ ఆమె కన్ను స్వామిదాసు జేబు దగ్గరే ఆగింది. ఆదివారం చర్చి అయ్యాక అతను చేవెళ్ల ఎందుకు పోతున్నాడు? ఎవరితో కలుస్తున్నాడు? ఇంతకుముందు ఇలాంటివి ఆమె అడిగి ఎరగదు.

ఒక చీపురుపుల్ల తీసి కొట్టం చూరులో దోపింది. స్వామిదాసు లేనప్పుడు వెళ్లి చిన్న టాంకు మూత తీసి పుల్ల ముంచేది. తడి ఎంతవరకు వచ్చిందో చూడాలంటే తొందరపడాలి. చూస్తుండగానే ఆరిపోయేది. బొటనవేలి గోటితో గబుక్కున నొక్కి గుర్తు పెట్టుకునేది. మర్నాడు బండి నడవకముందే మళ్లీ ముంచితే, తడి ఆ గుర్తుకు కిందే ఆగేది. బండి కదలలేదు, పెట్రోలు తగ్గింది. ఇంకేం కావాలి?

అయినా ఆమె స్వామిదాసును అడగలేదు. అడిగితే కాదంటాడు. కాదంటే తను నమ్మాలా వద్దా? ఆ కష్టం పడలేక ఊరుకుంది. అతనితో మాటలు తగ్గించింది. అన్నం వేళకు చల్ల పోయించడం మరిచిపోయినట్టు నటించింది. స్వామిదాసుకు అర్థమైందో లేదో, అతను కూడా కొట్టం తలుపు వేసుకునేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి ఆమె వైపు చూసిపోవడం మొదలుపెట్టాడు. ఆ చూపు ఆమెకు నచ్చలేదు. దొంగకు ఉండే బెరుకు అనుకుంది.

మృగశిర కార్తెకు ముందు పెద్ద బంద్ జరిగింది. ఆ రోజు మొయినాబాద్ దాటాక, హిమాయత్‌నగర్ చౌరస్తా దగ్గర, ఒక సర్కారు జీపును ఎవరో తగలబెట్టారు. లోపలి మనుషులు ముందే దిగి పరుగెత్తారు కాబట్టి ప్రాణాలు పోలేదు. జీపు మాత్రం మాడిపోయి, చట్రం మిగిలింది.

నాలుగు రోజులకు పోలీసులు సుగుణమ్మ ఊరు ముడిమ్యాలకు వచ్చారు. ఎస్.ఐ. కోస్తా వైపు మనిషి. నోరు తెరవగానే తెలిసిపోయింది. అది విని అరుగుల మీది జనం ఒక్కొక్కరే లేచి ఇళ్లలోకి పోయారు. ఆయన జనార్దన్ ఇంటి వరండాలో కుర్చీ వేయించుకుని, సుగుణమ్మను పిలిపించాడు.

"ఈ చుట్టుపక్కల పెట్రోలు వాడే ట్రాక్టరు మీదొక్కటేనటగా అమ్మా?"

"అవు సారూ."

"బంద్‌కు ముందురోజు మీ డ్రైవరు డబ్బాతో పెట్రోలు పోయించుకున్నాడని బంకువాళ్లు చెప్పారు. ఆ పెట్రోలు ఇంట్లోనే ఉందా?"

సుగుణమ్మ మరిది వైపు చూసింది. జనార్దన్ గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, నేల చూస్తున్నాడు. ఎప్పుడూ నలుగురిలో ముందుగా మాట్లాడే మనిషి ఆ రోజు పెదవి విప్పలేదు.

"ఉన్నది సారూ. కానీ..."

"కానీ?"

"రెండు నెలల సంది తక్కువైతున్నది."

"ఎవరి మీదైనా అనుమానమా?"

ఆమె కొంగు సర్దుకుంది. పేరు చెప్పకూడదనే అనుకుంది. "నాకేం తెల్వది సారూ. తాళంచెవి మాత్రం స్వామిదాసు దగ్గరనే ఉంటది," అంది.

అంతే. అదే చాలయింది. అతన్ని పొలం నుంచే తీసుకుపోయారు. పోతూ అతను మొలతాడు నుంచి చెవి విప్పి గట్టు మీద పెట్టి, "అమ్మకియ్యుండ్రి" అన్నాడట. ఆ చెవి సాయంత్రం ఆమె చేతికి వచ్చింది.

మర్నాటి నుంచి జనార్దన్ ఆమె ఇంటికి రోజూ వచ్చాడు. "ఫికర్ చెయ్యకు వదినా. నా బండి పంపుత, నీ దుక్కులు ఆగవు. గా పాత బండిని కొనెటోడు కూడ ఉన్నడు," అనేవాడు. ఆమె వింటూ కూచునేది. ఈ మనిషికి ఇంత తొందర ఎందుకో అర్థం కాలేదు. స్వామిదాసును పట్టించింది తనైతే, ముఖం వాడిపోయింది ఇతనిదేమిటి?

తన అనుమానం నిజమని తనకు తాను చూపించుకోవాలనిపించింది ఆమెకు. దొంగ ఠాణాలో ఉన్నాడు, చెవి తన బొడ్లో ఉంది, బండి కదిలే పని లేదు. ఇక పెట్రోలు తగ్గదు. తగ్గకపోతే మనసు కుదుటపడుతుంది. కొట్టం తెరిచి పుల్ల ముంచి, గోటితో గుర్తు పెట్టింది. తలుపుకు తాళం వేసి తనే రెండుసార్లు లాగి చూసింది.

మర్నాడు పుల్ల ముంచితే తడి కిందికి దిగింది.

సుగుణమ్మ పుల్లను వెలుతురులో తిప్పి చూసింది. తను గుర్తు తప్పుగా పెట్టిందేమో అనుకుని మళ్లీ పెట్టింది. ఆ మరునాడు ఇంకా దిగింది. కొట్టం చుట్టూ తిరిగింది. గోడకు కన్నం లేదు. పైకప్పు పెంకు ఒక్కటి కదల్లేదు. తాళం తను వేసినట్టే ఉంది. మనిషి రాకుండా తీసేదెవరు?

చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని బండి పక్కన నేల మీద కూచుని, టాంకు నుంచి ఇంజనుకు పోయే సన్నగొట్టం వెంట వేలు పెట్టి తడుముతూ వచ్చింది. పెట్రోలు కుళాయి దగ్గర వేలికి చల్లగా తగిలింది. వంగి చూసింది. కుళాయి మొదట్లో ఒక బొట్టు వేలాడుతోంది. చాలాసేపటికి తెగి పడింది. కింద అరచెయ్యి పెట్టి ఇంకో బొట్టు పట్టింది. అది చల్లగా తాకి, ఆమె చూస్తుండగానే ఆరిపోయింది. చేతిలో ఏమీ మిగల్లేదు. నేల మీదా మరక లేదు. కొట్టంలో ఎప్పుడూ ఉండే వాసన తప్ప.

జనార్దన్ వాకిట్లో డీజిలు బండి నిలిచే చోట నల్లని మడుగు కట్టి ఉంటుంది. ఎన్నిసార్లు మన్ను పోసినా పైకి తేలుతుంది. ఇదే కుళాయి డీజిలుదైతే రెండు నెలల కిందటే దొంగ దొరికిపోయేవాడు.

ఒక సత్తుగిన్నె కుళాయి కింద పెట్టి, మూత వేసినట్టు చుట్టూ తడిగుడ్డ కప్పి వచ్చింది. పొద్దున చూస్తే గిన్నె అడుగున పెట్రోలు ఉంది. ఆ గిన్నె పట్టుకుని సుగుణమ్మ అక్కడే చతికిలబడింది. ఆమెకు ఏడుపు రాలేదు. "తాళంచెవి మాత్రం" అన్న తన గొంతు తనకే వినబడింది.

లేచి, ఎడ్లబండి కట్టించుకుని స్వామిదాసు ఇంటి ముందు ఆగింది. అతని భార్య విమలమ్మ వాకిలి ఊడుస్తోంది. చీపురు ఆపలేదు.

"విమలమ్మా, బండెక్కు. ఠాణాకు పోదాం."

"ఎందుకమ్మా? ఇంకేమన్న జెప్పేది మిగిలిందా?"

"నేను తప్పు జెప్పిన. దొంగ గాదు, కుళాయి కారుతున్నది. గదే చెప్పొస్త."

విమలమ్మ ఆమె ముఖంలోకి నమ్మకం లేనట్టు చూసింది. తర్వాత చీపురు గోడకు ఆనించి బండెక్కింది.

ఠాణాలో ఎస్.ఐ. సుగుణమ్మ చెప్పింది ఓపికగా విన్నాడు. గిన్నె కూడా చూశాడు. "కుళాయి కారితే కారొచ్చు. కానీ అమ్మా, ఇదొకటుంది," అని మూలనున్న డబ్బాను చూపించాడు. "కాలిన జీపుకు కాస్త దూరంలో తుప్పల్లో దొరికింది. మీదేనని మీ ఊరి కావలికారే చెప్పాడు."

ఆమెదే. మిలిటరీ డబ్బా. పిడి విరిగితే అనంతరెడ్డి రాగితీగ చుట్టాడు. ఆ చుట్టు ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. అలాంటివి ఇంట్లో రెండు ఉండేవి. రెండోదాన్ని జనార్దన్ కొత్త బండి తెచ్చినప్పుడు అడిగి తీసుకుపోయాడు. ఇది ఆ రెండోది.

"ఈ డబ్బా మా ఇంట్ల లేదు సారూ. మా మరిది తీసుకపోయిండు."

"మీ డ్రైవరూ అదే అంటున్నాడు. మీ మరిదిని అడిగితే ఎప్పుడో తిరిగిచ్చేశానన్నాడు. ఎవరి మాట నమ్మమంటారు?"

సుగుణమ్మ డబ్బా దగ్గరికి పోయి మూత తిప్పింది. రెండు వేళ్లు లోపలి అంచుకు రాసి బయటికి తీసింది. వేళ్లు జిడ్డుగా మెరిశాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏడాదిగా వీధి అవతలి నుంచి రోజూ గాలికి వచ్చే వాసనే.

"సారూ, మీ వేలుకు అంటించుకోని చూడుండ్రి. పెట్రోలైతే ఇన్నిరోజులు ఉంటదా? ఇది డీజిలు. మా ఇంట్ల డీజిలు బొట్టు లేదు."

ఆయన వేలు పెట్టి చూసుకున్నాడు. రుమాలుకు తుడుచుకుని, ఆ జిడ్డు మరకను కాసేపు చూశాడు. "అంటే మీరిప్పుడు మీ మరిది పేరు చెబుతున్నారా?"

నాలుక చివరికి వచ్చిన పేరును ఆమె ఆపుకుంది. ఒకసారి చూడకుండా చెప్పి ఒక మనిషిని ఇక్కడికి తెచ్చింది. రెండోసారి అలా చెప్పదలుచుకోలేదు. "నేను చెప్ప. చెప్పాల్సినోళ్లను తోల్కొస్త," అని బయటికి నడిచింది.

వసారాలో స్వామిదాసు గోడవారగా కూచుని ఉన్నాడు. ఎవరూ కొట్టలేదు గాని గడ్డం మాసి, మనిషి చిన్నబోయి ఉన్నాడు. విమలమ్మ ముందే పోయి పక్కన కూచుంది. సుగుణమ్మ ఏదో అనబోతే అతనే అన్నాడు:

"అమ్మా, నేను మిమ్మల్నే అనుకున్న."

"నన్నా?"

"జనార్దన్ పటేలు మోటరుసైకిలుకు మీరే పోస్తున్నరేమో, నాకు జెప్తలేరేమో అని. అందుకే మీ దిక్కు చూసేటోణ్ని."

తిరుగుదారిలో ఎడ్లు వాటంతటవే నడిచాయి. జనార్దనే జీపు తగలబెట్టించాడా? తన బండి అమ్మించడానికి, తన డ్రైవరును పంపించడానికి ఇంత పని చేశాడా? పొలం కోసం మనిషి ఇంతకు దిగుతాడా? చిన్నప్పుడు తను వడ్డించిన అన్నం తిన్న పిల్లవాడేనా? ఊరు దగ్గరపడేకొద్దీ ఆ అనుమానం పెద్దదైంది.

జనార్దన్ వాకిట్లోనే ఉన్నాడు. ఆమె బండి దిగి ఎదురుగా పోయి, జిడ్డు ఆరని రెండు వేళ్లు అతని ముందు పెట్టింది.

"ఇది నీ డీజిలు. జీపు దగ్గర దొరికిన డబ్బాలది. నువ్వే కాల్పించినవా?"

జనార్దన్ ముఖం నెత్తురు లేనట్టయింది. "వదినా, ఏం మాటలవి? నేనెందుకు కాల్పిస్త? ఆ దినం నేను చేవెళ్లల మీటింగుకు..."

"మీటింగుకు పోలే." ఆ మాట అన్నది అతని భార్య అరుణమ్మ. గడప మీద నిలబడి ఉంది. "ఇంకెన్ని దినాలు దాస్తవయ్యా? ఆ మనిషి ఠాణాల కూసున్నడు. నాకు తిండి పోతలేదు. చెప్పు."

జనార్దన్ అరుగు మీద కూలబడ్డాడు. నేల చూస్తూ చెప్పాడు. ఊరంతా తిరిగి, బంద్ రోజు చక్రం కదలొద్దని చాటింపు వేయించింది ఆయనే. కానీ తోటలో టమాటాలు పండి మురుగుతున్నాయి. బంద్ అంటే పట్నంలో కూరగాయలకు మంచి గిరాకీ. మెహిదీపట్నం గల్లీల్లో అమ్ముకురావచ్చని తెల్లారకముందే తనే ట్రాలీ కట్టుకుని బయలుదేరాడు. హిమాయత్‌నగర్ చౌరస్తా దగ్గర పోరగాళ్లు అడ్డం వచ్చారు.

"బండే కాలబెడ్తమన్నరు వదినా. ముఖానికి తువ్వాల కట్టుకున్న గనుక నన్ను గుర్తుపట్టలేదు. డీజిలు డబ్బా ఇచ్చిపో అన్నరు. ఇచ్చిన. మోకిల దిక్కు మల్లుకోని వచ్చిన. వాళ్లు గా డబ్బాతోని జీపు కాలుస్తరని నాకేం తెల్సు?"

"టమాటాలన్ని ఎడ్లకు పోసినం," అంది అరుణమ్మ.

"పోలీసోళ్లు వచ్చిన్నాడు ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఊరంత తెలుస్తది. బంద్ పిలిచినోడే బండి తోలిండంటరు. నా ముఖమ్మీద ఉమ్మి ఊంచుతరు."

"గందుకని ఆ మనిషిని పంపిస్తివా?"

"పంపింది నువ్వు వదినా," అన్నాడు జనార్దన్ మెల్లగా. "నేను ఊకున్న. గంతే."

ఆ మాటలో అబద్ధం లేదు. సుగుణమ్మ అరుగు మీద అతనికి కాస్త దూరంగా కూచుంది. ఇంతదాకా అతని మీద పెంచుకున్న కోపం సగం తన మీదికే మళ్లింది. ఆమె భయపడినంత దుర్మార్గం అక్కడ లేదు. ఉన్నది సిగ్గుపడ్డ ఒక మనిషి పిరికితనం. దాని పక్కన తన తొందర.

"ఎస్.ఐ. ఒక్కడికి చెప్పు. ఊర్ల నేను ఎవరికి జెప్ప," అంది. "చెప్పకుంటే మాత్రం నీ మీటింగులనే నిలబడి చెప్త."

జనార్దన్ మర్నాడు పోయి చెప్పాడు. ఆయన మీద ఏ కేసూ పెట్టలేదు. జీపు తగలబెట్టినవాళ్లు ఎవరో తేలలేదు. స్వామిదాసును వదిలేశారు. సుగుణమ్మ మాట నిలబెట్టుకుని ఎవరికీ చెప్పలేదు గాని, ఊరికి ఎలాగో తెలిసింది. చాన్నాళ్లు జనార్దన్ వీధిలోంచి పోతుంటే వెనక నుంచి ఎవరో ఒకరు "టమాటా" అని దగ్గేవారు.

స్వామిదాసు మళ్లీ పనిలోకి రాడనే అనుకుంది సుగుణమ్మ. ఆమే ఇంటికి పోయి, అతనికీ విమలమ్మకూ ఎదురుగా నిలబడి, "నేనే చెప్పిన. తప్పయింది" అంది. విమలమ్మ ముఖం తిప్పుకుంది. స్వామిదాసు, "వానలు పడ్తున్నయమ్మా. విత్తనం పడనియ్యుండ్రి, తర్వాత చూద్దాం," అన్నాడు.

వచ్చాడు. పట్నంలో కర్ఫ్యూ సడలించిన రోజు చూసుకుని కొత్త కుళాయి తెచ్చి బిగించాడు. బొట్టు ఆగింది. దుక్కులు సాగాయి. తాళంచెవి ఆమె ఇవ్వబోతే తీసుకోలేదు. "మీ దగ్గర్నే ఉండనియ్యుండ్రి," అన్నాడు.

రెండేళ్లకు ఆమె పాత బండి అమ్మేసి డీజిలుది కొంది. జనార్దన్ చెప్పాడని కాదు, ఆ బండికి విడి సామాన్లు దొరకడం ఆగిపోయింది గనుక. స్వామిదాసే దాన్నీ తోలాడు. పనిలో లోటు లేదు, మాటలో మర్యాద తగ్గలేదు. కానీ డబ్బా తెచ్చినప్పుడల్లా వాకిట్లోకి వచ్చి పిలిచేవాడు.

"అమ్మా, పోస్తున్న. వచ్చి చూడుండ్రి."

"నాకెందుకయ్యా, నువ్వు పొయ్యి," అనేది ఆమె లోపలి నుంచి.

అతను పోసేవాడు కాదు. ఆమె వచ్చి నిలబడేదాకా డబ్బా చేత్తో పట్టుకుని అలాగే ఉండేవాడు.